మిద్దె మీద మూడు గంటల బడి

మొన్న పొద్దున నెల్లితోపు మార్కెట్లో గుమ్మడి పువ్వులు అమ్ముతున్న ఒకామె ముందు ఆగాను. కొనే ఉద్దేశం లేదు. ఊరికే నిలబడి చూస్తుంటే, నా చెయ్యి నన్ను అడక్కుండానే ఒక పువ్వు తీసుకుంది, తలకిందులు చేసింది, ఎడమ అరచేతిలో రెండుసార్లు తట్టింది. ఆ తర్వాత నా ముక్కు వెళ్లి అందులో దూరింది. పువ్వులామె నన్ను ఎగాదిగా చూసి, "ముగ్గులోకా, బజ్జీకా? అంత వాసన చూడటానికి ఇదేమన్నా మల్లెపువ్వా?" అని తమిళంలో అడిగింది. నేను పువ్వు అక్కడే పెట్టేసి వచ్చేశాను. దారి పొడుగునా నవ్వు ఆగలేదు. ఆ తట్టడం నాది కాదు, ఆ ముక్కూ నాది కాదు. రెండూ మా ఎదురింటి అత్తవి. పోయిన వానాకాలంలో ఆమె కాలం చేసింది. పోతూ పోతూ ఈ అలవాటొకటి నాకు అంటగట్టి పోయింది.

ఆమెకు పేరు ఉండేది, ముందు ఇనిషియల్‌తో సహా. రేషన్ కార్డు మీద తప్ప దాన్ని ఎక్కడా వాడినట్టు లేదు. వీధి మొత్తానికి ఆమె అత్త. నాకు అత్త, మా ఆయనకు అత్త, కాలేజీకి పోయే మా అమ్మాయికీ అత్తే. ఆ వరసలు కలిపి చూస్తే మా ఇంట్లో ఎవరికి ఎవరేమవుతారో తేలేది కాదు కాబట్టి మేం కలిపి చూడటం మానేశాం. నాకు యాభై దాటినా ఆమెకు నేను పాపనే.

నూలు మిల్లులో యంత్రాల మోత మీద పాతికేళ్లు మాట్లాడిన గొంతు అది. మిల్లు మూతపడ్డా గొంతు మూతపడలేదు. తన వాకిట్లో నిలబడి నన్ను రెండు రెబ్బల కరివేపాకు అడిగితే, మెయిన్ రోడ్డు మీద టౌన్ బస్సులో కూర్చున్న వాళ్లకు కూడా ఆమె ఇంట్లో ఆ పూట చారు అని తెలిసిపోయేది. అలాంటి మనిషి మిద్దె మీదికి పోయి తేనెటీగల పెట్టెల దగ్గర కూర్చుంటే మాత్రం గొంతు సగానికి సగం తగ్గిపోయేది. మనుషులతో మిల్లు గొంతు, ఈగలతో గుడి గొంతు. ఈ తేడా గురించి నేనొకసారి నిష్ఠూరంగా అడిగాను.

"మీకు చెవులు ఉండాయి, అయినా వినరు. వాటికి చెవులు లేవు, అయినా వింటాయి. ఎవురితో ఎట్ల మాట్లాడాలో నాకు తెలవదా?" అంది.

ఆ మిద్దె మీదికి పోవాలంటే ముందు మెట్ల దగ్గర పరీక్ష నెగ్గాలి. ఆమె దగ్గరికి వచ్చి మన మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. తలనూనె వాసన వచ్చినా, సెంటు వాసన వచ్చినా, దోమల మందు వాసన వచ్చినా అక్కడి నుంచే వెనక్కి. మా ఆయన మూడుసార్లు ఫెయిలయ్యాడు. మీటరు చూడటానికి వచ్చిన కరెంటాయనను కూడా ముఖం కడుక్కొని రమ్మని కొళాయి చూపించింది. ఆయన పాపం ప్రభుత్వోద్యోగి, ఎన్నో చూసినవాడు, మారు మాట్లాడకుండా కడుక్కున్నాడు.

తేనె అడిగితే ఇచ్చేది. సీసా తెస్తే మాత్రం ఇచ్చేది కాదు. చెయ్యి చాపమని, అరచేతి గుంటలో ఒక చెంచా పోసి, అక్కడే నాకి పొమ్మనేది.

"సీసాలో పోస్తే అది సరుకు అయిపోతాది. చేతిలో పోస్తే మర్యాద. నాకేసి పో."

వీధిలో పెద్దా చిన్నా ఆమె వాకిట్లో నిలబడి అరచేతులు నాక్కుంటున్న దృశ్యం చూసి, కొత్తగా అద్దెకు దిగిన వాళ్లు ఇదేదో మొక్కు అనుకునేవాళ్లు.

ఈగలు ఆమెను వెతుక్కుంటూ వచ్చినవే. ఒక వేసవిలో ఎక్కడి నుంచో ఒక గుంపు వచ్చి ఆమె నీళ్ల ట్యాంకు కింద గుత్తిగా వేలాడింది. వీధివాళ్లం పొగ పెట్టాలన్నాం. "ఇల్లు వెతుక్కుంటా వచ్చినోళ్ల మొహాన పొగ పెడతారా? మీరు ఏం మనుషులు?" అని మమ్మల్ని తరిమేసి, మూడు రోజులు తర్ఫీదుకు పోయివచ్చి, పెట్టె తెచ్చి వాటిని అందులోకి దించింది. రెండేళ్లలో ఒకటి మూడయ్యాయి. వాటికి పెద్దిల్లు, నడిమిల్లు, చిన్నిల్లు అని పేర్లు పెట్టుకుంది. ఒకనాటి పొద్దున పిట్టగోడ మీది నుంచి, "చిన్నిల్లు కళకళలాడతా ఉండాది చూడండి" అని మిల్లు గొంతుతో ప్రకటించింది. కింద పాలు పోసేవాడి దగ్గర్నుంచి పూజకు పోయే పెద్దాయన దాకా అందరూ తలలు వంచుకొని నవ్వుకున్నారు. ఎందుకు నవ్వారో ఆమెకు తెలియదనుకుంటే పొరపాటు. మర్నాడు అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పింది.

ఇక బడి సంగతి. నేను ఒక కాలేజీలో జువాలజీ ల్యాబ్ అసిస్టెంటుని. తేనెటీగ ఎన్ని రోజులకు పుడుతుంది, ఏ వయసులో ఏ పని చేస్తుంది, అన్నీ గోడ మీది చార్టులో పాతికేళ్లుగా చూస్తున్నదాన్ని. కళ్లారా చూసింది మాత్రం ఆమె మిద్దె మీదే. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి నన్ను పిలిచి, బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టి, "మాట్లాడొద్దు. పిల్లలు బడికి వొస్తాయి ఇప్పుడు" అంది.

పెట్టె గుమ్మంలోంచి ఒక్కొక్కటే చిన్న ఈగలు బయటికి వచ్చాయి. ఒంటి మీద నూగు ఇంకా పోలేదు. పెద్ద ఈగల్లా బాణంలా దూసుకుపోలేదు. గాలిలోకి లేచి, వెనక్కి తిరిగి, పెట్టె వైపే ముఖం పెట్టి, అటూ ఇటూ ఊగుతూ నిలబడ్డాయి. కొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి. ఇల్లు ఎట్లా ఉందో, పక్కన ఏముందో, పైన ఏముందో చూసుకొని మళ్లీ లోపలికి వెళ్లిపోయాయి.

"దీన్ని ఓరియెంటేషన్ ఫ్లైట్ అంటారత్తా" అన్నాను, నా చదువు ఊరుకోక.

"బుక్కులో పేరు కూడా పెట్టినారా? మంచిది. మా ఇంట్లో బడి అంటాము. ఇల్లు నేర్చుకోనిది ఊరు యాడ నేర్చుకుంటాది?"

నాకు చార్టులో చెప్పని సంగతులు ఎన్నో ఆమె చెప్పింది. పుట్టిన ఈగ చాలా రోజులు గడప దాటదట. ముందు తను పుట్టిన గదే ఊడ్చుకుంటుంది. తర్వాత పెద్దవి తెచ్చి దాచిన పుప్పొడి తిని, దాన్ని తన తలలోనే పాలు చేసి, ఇంకా కళ్లు తెరవని చెల్లెళ్లకు తాగిస్తుంది. ఆ వయసులో దానికి పుప్పొడే అన్నం. తేనె పెద్దవాళ్ల కాఫీ లాంటిది. ఇవన్నీ నిజమేనని మా చార్టు కూడా ఒప్పుకుంటుంది, కానీ కాఫీ మాట అందులో లేదు.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం ఆమె గోడ మీద బొగ్గుతో హాజరు రాసేది. తెలుగు మాటలే, తమిళ అక్షరాల్లో. ఆమెకు తెలుగు రాయడం రాదు. ఈ తమిళ ఊళ్లో మా తెలుగు ఇళ్లల్లో చాలామందికి రాదు, నేనూ పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నదాన్నే. గోడ మీద రాతలు "నిండుగా వచ్చినారు", "మబ్బు, సెలవు", "కొంచెం అల్లరి" అని ఉండేవి.

ఇక్కడ మార్గళి నెల, అంటే మన ధనుర్మాసం, వచ్చిందంటే ఆడవాళ్లకు తెల్లవారుజాము నిద్ర లేనట్టే. వాకిలి చిమ్మి, నీళ్లు చల్లి, కోలం వేసి, నడుమ పేడముద్దలు పెట్టి వాటిలో పూసణి పువ్వులు గుచ్చాలి. పూసణి అంటే మన గుమ్మడే, కోలం అంటే మన ముగ్గే. మేమంతా ఆ పువ్వులు మార్కెట్లో కొనేవాళ్లం. అత్తకు మాత్రం పుట్టింటి నుంచి వచ్చేవి. కడలూరు రోడ్డు మీద కిరుమాంబాక్కంలో ఆమె తమ్ముడికి కాస్త పొలం ఉంది. ఆమె పెళ్లయి ఈ వీధికి వచ్చిన ఏడు వాళ్ల నాన్న మొదలుపెట్టిన పని అది. నాన్న పోయాక తమ్ముడు అందుకున్నాడు. నెల పొడుగునా, చీకటితోనే విచ్చబోయే మగపువ్వులు కోసి, తడిగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి మొదటి బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాడు. ఇక్కడ స్టాపులో అత్త స్నానం చేసి, తల ముడుచుకొని, సంచి అందుకోవడానికి గుళ్లో ప్రసాదానికి నిలబడినట్టు నిలబడేది. తుఫాను వచ్చిన రోజున కూడా సంచి రాకుండా ఉండలేదు.

ఒక ఏడు ఆ పువ్వులకు పురుగు పట్టింది. అత్త వాకిట్లో నిలబడి ఫోన్ చేసింది. ఫోన్ లేకపోయినా కిరుమాంబాక్కం దాకా వినిపించేదే.

"ఏరా, ఇయ్యాల వొచ్చిన పువ్వుల్లో సగానికి బొక్కలు. ఎదురింటి కోలంలో పువ్వు గొడుగు మాదిరి ఉండాది, నాది జల్లెడ మాదిరి ఉండాది. మీ అక్కకు ఇచ్చే మర్యాద ఇదేనా?"

ఎదురిల్లంటే మాదే. ఆ రోజంతా నేను మా గుమ్మడి పువ్వును చూసుకొని మురిసిపోయిన మాట దాచను.

మరుసటి మార్గళికి అత్త వాకిట్లో పువ్వులు చూడాలి. ఒక్క బొక్క లేదు, ఒక్క మచ్చ లేదు. బంగారు గిన్నెలు బోర్లించినట్టు ఉన్నాయి. ఎండ పొడ తగలగానే మిద్దె మీది ఈగలు దిగివచ్చి ఆ పువ్వుల్లో దూరి, కాళ్ల నిండా పసుపుపచ్చ పొడి పూసుకొని పైకి పోయేవి. అత్త గర్వానికి పట్టపగ్గాలు లేవు. "కోలం చూసేదానికి మా పిల్లోళ్లు వొచ్చినారు, పక్కగా పోండి" అని దారిన పోయేవాళ్లను మళ్లించేది. స్కూటర్లు కూడా మళ్లాయి.

పది పన్నెండు రోజులు గడిచాక గోడ మీద రాతలు మారాయి. "తక్కువ." "ఇంకా తక్కువ." ఆ తర్వాత ఒకరోజు ఏమీ రాయలేదు. నన్ను పిలిచింది.

పెట్టెల ముందు పిల్ల ఈగలు నేల మీద పాకుతున్నాయి. కొన్నిటి రెక్కలు ముడతలు పడి విచ్చుకోలేదు. కొన్ని వెల్లకిలా పడి కాళ్లు వణికిస్తున్నాయి. ఎగరగలిగినవి ఎగిరాయి, కానీ వెనక్కి తిరగలేదు. పెట్టె వైపు ముఖం పెట్టలేదు. తిన్నగా పిట్టగోడ దాటి పోయాయి, మళ్లీ రాలేదు. మేమిద్దరం ఐదు దాకా కూర్చున్నాం.

"ఇల్లు చూడకుండానే పోతా ఉండాయి పాపా. ఏందే ఇది?"

"మందేమో అత్తా. ఎక్కడో మందు కొట్టిన పువ్వు మీద వాలి ఉంటాయి."

"నువ్వు ల్యాబులో ఏం పని చేస్తావో ఏమో. మందైతే తెచ్చినోడు చావాల గదా? తెచ్చినోళ్లు రాయి మాదిరి ఉండారు. ఇల్లు కదలని పిల్లలు పడిపోతా ఉండారు."

అక్కడే ఉంది కిటుకు అని చెప్పాను. పెద్ద ఈగను చంపలేనంత కొంచెం మందైనా పుప్పొడిలో కలిసి ఇంట్లోకి వస్తుంది. పెద్దది దాన్ని మోసుకొచ్చి దించి పోతుంది. తినేది పిల్లలు. అది రోజూ అన్నంలో కలిసిన విషం. రెక్క సరిగా రాదు, తలలో పాలు ఊరవు, తను తాగించే చెల్లెళ్లకూ అంతంతే. పైకి బాగానే ఉన్నదానికి కూడా జ్ఞాపకం నిలవదు, ఇల్లు ఎక్కడో తెలియదు. ఆమె విని లేచి నిలబడింది. అంటే వీధిలో ఎవరో ఒకరికి మూడిందని అర్థం.

మర్నాటి నుంచి ఆమె ఇల్లిల్లూ తిరిగి వాసన చూసింది. మూలింటి వాళ్ల గులాబీ కుండీలు తలకిందులు చేసింది. దోమల పొగ బండి వస్తే దాని ముందు నిలబడి, ఆ పొగలోనే, డ్రైవరుతో పది నిమిషాలు వాదించింది. మా ఇంటికొచ్చి మా ఆయన తువ్వాలు తీసి వాసన చూసి, ఆయనకే ఇచ్చి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆయన ఆ తువ్వాలు మళ్లీ వాడలేదు. ఈ లోపల చిన్నిల్లు ఖాళీ అయిపోయింది. వారం తిరక్కుండానే పెద్దిల్లూ పోయింది. నడిమిల్లు ఒక్కటి మిగిలింది, అందులోనూ సందడి లేదు.

నేను నడిమింటి తేనెపట్టులోంచి చిటికెడు పుప్పొడి తీసి కాలేజీకి పట్టుకుపోయి మైక్రోస్కోపు కింద పెట్టాను. పెద్ద పెద్ద గుండ్రటి గింజలు, ఒంటి నిండా ముళ్లు. మందారమేమో అనుకొని మందారం పొడి పెట్టి చూశాను. కాదు. ఎందుకో అనుమానం వచ్చి మా వాకిట్లోని గుమ్మడి పువ్వు పొడి తెచ్చి పక్కన పెట్టాను. అచ్చు అదే. చుట్టుపక్కల గుమ్మడి తోట లేదు. నెల్లితోపు నడిబొడ్డున ఒక తేనెటీగ గుమ్మడి పువ్వును చూడాలంటే ఒక్క చోటే చూస్తుంది. మందు ఉందో లేదో తేల్చే యంత్రం మా ల్యాబులో లేదు, కానీ నాకు యంత్రం అవసరం అనిపించలేదు. ఒక్క బొక్క లేని ఆ పువ్వులు కళ్ల ముందు మెదిలాయి. మా కోలంలో మార్కెట్ పువ్వుల మీదా వాలి ఉంటాయిగా అని, తప్పు కాస్త మా ఇంటికి కూడా పంచి నన్ను నేను ఓదార్చుకున్నాను. కానీ అత్త వాకిట్లో ఉన్నన్ని పువ్వులు వీధి మొత్తంలో లేవు.

రెండు రోజులు ఆమెకు చెప్పలేదు. పిరికిదాన్ని. మూడో రోజు చెప్పాను. ఆమె కోలం దగ్గరికి నడిచి, ఒక పువ్వు తీసి, తలకిందులు చేసి అరచేతిలో తట్టింది. రాలిన పొడిని చాలాసేపు వాసన చూసింది. ఎర్ర బొట్టంత చిన్న పురుగైనా అందులోంచి పడలేదు.

"మా తమ్ముడు మందు కొట్టడు. ఇది ఇంటి పువ్వు" అంది. తర్వాత, "సరి, పద" అంది.

కడలూరు బస్సులో ఆమె కిటికీ వైపే ముఖం తిప్పుకొని కూర్చుంది. మేము పోయేసరికి తమ్ముడు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, అక్కను చూడగానే లేచి నిలబడి తువ్వాలు భుజం మీది నుంచి తీశాడు. పొలమంతా పూతే. నేను ఎదురింటామెనని తెలిసి మురిసిపోయాడు.

"చూడండమ్మా, మీ ఇంటి పువ్వు కంటే మా పువ్వు బాగుండాదా లేదా? అక్క పోయిన ఏడు తిట్టినాక నేను ఊరుకోలేదు."

ఇంతలో ఆయన భార్య, చుట్టాలు వచ్చారు కదా, నాలుగు పువ్వులు బజ్జీ వేద్దామని బుట్ట తీసుకొని పొలంలోకి దిగబోయింది. ఆయన అరుగు మీది నుంచి కేకేశాడు.

"ఆ పక్క కొయ్యొద్దే. అవి అక్క కోలానికి, మందు కొట్టినా. తినేదానికి గట్టు మీద తీగ ఉండాది గదా, దాంట్లో కొయ్యి."

 నేను అత్త ముఖం వైపు చూడలేకపోయాను. తమ్ముడికి ఏదో తేడా తెలిసింది.

"ఏందక్కా?"

అప్పుడామె మాట్లాడింది. మనుషులతో ఆమె గుడి గొంతుతో మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి.

"కోలంలో పువ్వు నా పిల్లలు తింటారు రా."

"ఈగలా? కోలంలో పువ్వునా?" అన్నాడాయన. "ఎవురు తింటారులే అనుకున్నా అక్కా. కోలానికే గదా, చూసేదానికే గదా అని. పూతలో రెండుసార్లు కొట్టినా. నీ పువ్వుకు బొక్క పడకూడదని. నువ్వే గదా పోయిన ఏడు..."

మాట సగంలో ఆపేశాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ ఫోన్ సంగతే తలుచుకుంటున్నారని నాకు తెలుసు. ఆయన తప్పని ఆమె అనలేదు. ఆమె తప్పని ఆయనా అనలేదు. తను కడుపున పెట్టుకున్న ఈగల పిల్లలకు తనే రోజూ పొద్దున వాకిట్లో విస్తరి వేసి విషం వడ్డించానని ఆమెకు అర్థమైంది.  బజ్జీలు వచ్చాయి. ఎవరూ ముట్టలేదు. చివరికి అత్తే ఒకటి తీసుకొని కొరికి, "ఉప్పు తక్కువైంది" అంది మరదలితో. ఆ మాటతో అందరం ఊపిరి తీసుకున్నాం.

తిరుగు బస్సులో మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"పువ్వు పంపొద్దని నేను చెప్పలేదు. నువ్వు వింటివి గదా పాపా? చెప్పలేదు."

"చెప్పలేదత్తా."

పుట్టింటి పువ్వు వద్దంటే పుట్టింటి గడప వద్దన్నట్టే. పంపమని చెబితే నడిమిల్లు కూడా పోతుంది. ఆమె ఏదీ చెప్పకుండా వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే స్టాపులో నిలబడింది. బస్సు ఆగింది. కండక్టరు ఖాళీ చేతులు చూపించి, "ఇయ్యాల ఏమీ రాలేదు అవ్వా" అన్నాడు. ఆ రోజు ఆమె కోలం వేసి, పేడముద్ద పెట్టి, అందులో ఏమీ గుచ్చలేదు. అడిగిన వాళ్లకు తమ్ముడికి ఒళ్లు బాగాలేదని చెప్పింది. రెండో రోజూ అంతే. ఆ రెండు రోజులు మా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆమె గొంతును నేను విసుక్కున్న రోజులన్నిటికీ సిగ్గుపడ్డాను.

మూడో రోజు బస్సులోంచి సంచితో పాటు తమ్ముడే దిగాడు. వాకిట్లోకి వచ్చి, సంచి విప్పకుండా చేతిలోనే పట్టుకొని నిలబడ్డాడు.

"గట్టు మీద తీగవి అక్కా. బొక్కలే ఉండాయి. మంచిది ఒక్కటి దొరకలేదు."

ఆమె సంచి లాక్కొని ఒక పువ్వు తీసింది. దాన్ని ఎండకు ఎత్తి, బొక్కలోంచి ఒక కన్నుతో తమ్ముణ్ణి చూసింది. తలకిందులు చేసి తట్టింది. ఎర్రటి పురుగొకటి అరచేతిలో పడి, వెంటనే లేచి పరుగెత్తింది. ఇక ఆ గొంతు ఎలా లేచిందో చెప్పలేను. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి.

"మా తమ్ముడు తెచ్చినాడు, వొచ్చి చూడండి. పురుగు తిన్న పువ్వు. పురుగు తిని బతికిందంటే నా పిల్లలు తిని బతుకుతారు."

ఆ రోజు కోలంలో పువ్వులన్నీ జల్లెడలే. మా వాకిట్లో మార్కెట్ పువ్వును నేనే పీకేశాను.

ఆ మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు ఇద్దరూ కలిసి, పోయిన రెండిళ్లలోనూ నడిమింట్లోనూ పాత పుప్పొడి ఉన్న తేనెపట్టు ముక్కలన్నీ కోసి తీసి, పెరట్లో గుంట తవ్వి పూడ్చిపెట్టారు. దాచుకున్న అన్నమంతా పారేస్తే ఈగలు ఏం తింటాయని నేను భయపడ్డాను. ఆమె పెట్టె పక్కన చక్కెర నీళ్లు పెట్టింది. పుప్పొడికి కోలంలో పువ్వులు ఉన్నాయి. మూడు వారాలకు పైగా ఆ బకెట్ మీద ఊరికే కూర్చుంది. గోడ మీద ఏమీ రాయలేదు, బొగ్గు ముట్టుకోలేదు. సంక్రాంతి పోయాక, తై నెలలో ఒక మధ్యాహ్నం నన్ను చేత్తో సైగ చేసి పిలిచింది. నడిమింటి గుమ్మంలోంచి తొమ్మిది పిల్ల ఈగలు బయటికి వచ్చాయి. గాలిలోకి లేచాయి. తొమ్మిదీ వెనక్కి తిరిగాయి. ఆమె నా మోకాలు ఎంత గట్టిగా నొక్కిందంటే రెండు రోజులు నొప్పి పోలేదు. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పొద్దంది. నేను చెప్పలేదు. ఆమే మర్నాడు పిట్టగోడ మీది నుంచి చెప్పేసింది.

ఆ తర్వాత తమ్ముడు మారిపోయాడు. పూతలో మందు కొట్టడం మానేశాడు. వంగకో మిరపకో తప్పనిసరిగా కొట్టాల్సి వస్తే, పొద్దు గూకినాకే కొట్టేవాడు, దానికి ముందు అక్కకు ఫోన్ చేసేవాడు. ఒకసారి ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన మాట స్పష్టంగా వినిపించింది, ఆ కుటుంబంలో ఎవరికీ చిన్న గొంతు లేదు.

"అక్కా, ఈ సాయంత్రం మిరపకు మందు కొడతా ఉండా. పిల్లల్ని బయటికి పంపొద్దు."

ఆమె లేచి, గోనెపట్ట తడిపి, పిండి, మెట్లెక్కి, నడిమింటి గుమ్మానికి అడ్డంగా కప్పింది. నేను నవ్వు ఆపుకోలేక అన్నాను. "అత్తా, మన ఈగలు కిరుమాంబాక్కం దాకా పోవు. అంత దూరం వాటి తరం కాదు. పైగా పొద్దు గూకింది, అన్నీ లోపలే ఉన్నాయి."

"నాకు తెలవదా?" అంది, గోనెపట్ట మూలలు సరిచేస్తూ. "వాడు చెప్పినాడు గదా."